అక్కకు డీజిలే కావాలి

మా అక్క పశువుల డాక్టరు. చిక్కబళ్ళాపురం దాటి ఆంధ్రా సరిహద్దు వైపు వెళ్తే వచ్చే గుట్టల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఏ పల్లెలో ఆవు ఈనలేక అవస్థ పడినా, ఏ గొర్రెకు కడుపుబ్బినా, ముందు మోగేది ఆమె ఫోనే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని చాలాకాలం అడిగినవాళ్ళు చివరికి విసుగొచ్చి మానేశారు. యాభై దాటాక కూడా స్కూటరు మీద మందుల పెట్టె కట్టుకుని, చీర చెంగు నడుముకు దోపుకుని, మేకలు నడిచే దారుల్లో సైతం ఒంటరిగా వెళ్ళి వచ్చేది. ఆ దారులు చూసినవాణ్ణి కాబట్టి ఆమె ఫోను ఎత్తకపోతే నాకు చెమటలు పట్టేవి. కాసేపటికి తనే చేసి, "ఆవు కడుపులో చెయ్యి పెట్టుకోని ఫోనెట్ట ఎత్తాల్నప్పా?" అని నన్నే కసిరేది.

మొన్నటి వానాకాలానికి ముందటి వానాకాలంలో ఆమె పడిపోయింది. గుట్ట మీది తాండాకు వెళ్తుంటే బురదలో స్కూటరు జారి, పక్కనున్న వంకలోకి దొర్లింది. ఎడమ కాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ఆ తరువాత కోలుకున్నంత కాలమూ కె.ఆర్.పురంలో మా ఇంట్లోనే ఉంది. మాది రైల్వే స్టేషన్‌కు దగ్గరి అపార్ట్‌మెంటు. కిటికీ పక్కన మంచం వేశాం. వచ్చేపోయే రైళ్ళను చూస్తూ, రైతుల ఫోన్లకు జవాబిస్తూ గడిపింది. ఎలా పడ్డావని ఎవరడిగినా ఒకటే మాట చెప్పేది: "జారి పడినాను. అంతే."

చేతికర్ర వదిలేసి ఇంట్లో నడవడం మొదలుపెట్టిన రోజుల్లో డాక్టరు గారు, ఇక జన్మలో రెండు చక్రాల బండి ఎక్కవద్దని గట్టిగా చెప్పారు. అక్క ఇంటికి చేరి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "రేయ్, నాకొక జీపు చూడు. నాలుగు చక్రాలూ తిరిగే జీపు. గుట్టలెక్కాల," అంది.

మా ఆవిడకూ నాకూ ఆ మాట ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేను. ఆమె ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండిపోతుందేమోనని అప్పటిదాకా ఇద్దరం లోలోపల భయపడుతూనే ఉన్నాం. కారు నడపడం ఆమెకు వచ్చు. కుర్రతనంలోనే లైసెన్సు తీసుకుంది. ఊళ్ళో అవసరమైతే బడి పంతులుగారి పాత కారు తీసుకుని పక్క టౌనుకు వెళ్ళి వచ్చేది కూడా.

నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్ కంపెనీలో. ఒక వస్తువు కొనాలంటే నెల రోజుల ముందు నుంచి దాని గురించి చదివే జబ్బు నాకుంది. ఈ కొండదారుల బండ్ల విషయంలో చదవబోతే అదొక పెద్ద రణరంగం. డీజిల్ లేని బండి బండే కాదనేవాళ్ళు ఒకవైపు, డీజిల్ కాలం అయిపోయింది, పెట్రోలే హాయి అనేవాళ్ళు మరోవైపు. ఒకరినొకరు తిట్టుకోవడం చూసి మొదట్లో నవ్వొచ్చింది. ఇంజన్‌లో ఏం పోస్తే ఏముంది, గుట్ట ఎక్కితే చాలదా అనుకున్నాను.

అక్క మాత్రం ఆ గొడవలేవీ చదవకుండానే తేల్చేసుకుంది.

మొదట ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద, ఇంటికి దగ్గర్లోనే ఉన్న షోరూముకు వెళ్ళాం. అద్దాల తలుపు తీసుకుని లోపలికి అడుగు పెట్టామో లేదో, అక్క ఎదురొచ్చిన అమ్మాయిని అడిగేసింది.

"డీజిల్ ఉండాదా?"

ఆ అమ్మాయిది విశాఖపట్నం వైపు. తెలుగు వినగానే మొహం విప్పారింది. "ఈ మోడల్‌లో డీజిల్ ఆపేశారు మేడమ్. ఇప్పుడు ఓన్లీ పెట్రోల్. కానీ పవర్ ఇంకా ఎక్కువ. ఈ మధ్య అందరూ పెట్రోల్ ఆటోమేటిక్కే తీసుకుంటున్నారు. వీకెండ్ అలా సకలేశపుర, కూర్గ్ వెళ్ళడానికి సూపర్‌గా ఉంటుంది."

"నాకు వీకెండ్ ఉండదమ్మా. ఆవులకు ఆదివారమని తెలీదు," అంది అక్క.

ఆ అమ్మాయి హాయిగా నవ్వి, పోనీ ఒకసారి నడిపి చూడమంది. డీజిల్ లేనప్పుడు చూసి లాభం లేదని అక్క తిరిగి బయల్దేరింది.

రెండో షోరూములో డీజిల్ ఉంది. కానీ ఆ రకంలో ఇంజను తిప్పేది వెనక రెండు చక్రాలనే. నాలుగూ తిరగాలంటే పెట్రోల్ తీసుకోవాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి చాలామందికి ఆ తేడా పట్టదని అక్కడి మేనేజరు చెప్పాడు. ఆయన మాట్లాడినంతసేపూ నా వైపే చూసి మాట్లాడాడు. బండి నాకు కాదు, ఈమెకని రెండుసార్లు చెప్పినా, ఆమెను ఒక్క చూపు చూసి మళ్ళీ నా వైపే తిరిగాడు. అక్కకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పైగా తొందరగా బయట పడినందుకు ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది. అప్పట్లో దాన్ని కాలినొప్పి అనుకున్నాను.

ఇంటికొచ్చాక, డీజిలే ఎందుకని అడిగాను. చెప్పింది. వాళ్ళ ఊరికి బంకు చాలా దూరం. రైతుల ఇళ్ళల్లో ట్రాక్టర్ల కోసం డ్రమ్ముల్లో డీజిల్ ఉంటుంది, అవసరానికి ఎవరైనా ఇస్తారు. పెట్రోల్ ఎవరి దగ్గరా ఉండదు. పైగా డీజిల్ ఇంజను నెమ్మదిగా పోయేటప్పుడు కూడా బలంగా లాగుతుంది, ఎత్తులో ఆగిపోదు. నేను చదివినవాటితో సరిచూసుకుంటే ఆమె చెప్పినవన్నీ సబబుగానే ఉన్నాయి.

వెతగ్గా వెతగ్గా జిగణి వైపు వెళ్ళే దారిలో మూడో షోరూము దొరికింది. అక్కడ డీజిల్ ఉంది, నాలుగు చక్రాలూ తిరుగుతాయి, నడిపి చూడ్డానికి బండి కూడా సిద్ధంగా ఉంది. కడిగి, తుడిచి, గేటు దగ్గర నిలబెట్టారు. నేను పెళ్ళికొడుకు తరఫువాడిలా హుషారుగా తలుపు తీసి పట్టుకున్నాను. అక్క బండి చుట్టూ ఒకసారి తిరిగింది. చక్రం మీద చెయ్యి వేసింది. లోపలికి తొంగిచూసింది.

"సీటు ఎత్తుగా ఉండాది. నా కాలికి కష్టం. పదప్పా, పోదాం."

"ఎక్కి చూడకుండానే?"

"చూస్తే తెలుస్తాది కదా."

ఆ రాత్రి భోజనాలయ్యాక, అక్క పడుకున్నదని రూఢి చేసుకుని మా ఆవిడ నాతో మెల్లగా అంది. "ఒకటి గమనించారా? మూడు షోరూములు తిరిగారు. మీ అక్క ఒక్క బండిలోనూ కూర్చోలేదు. డీజిల్ లేదన్నచోట నిశ్చింతగా ఉన్నారు. డీజిల్ దొరికిన చోట సీటు ఎత్తు గుర్తొచ్చింది. వదినకు కావలసింది ఏదో, మనకు చెప్తున్నది ఇంకేదో అనిపిస్తోంది నాకు."

నాకు అంతదాకా ఆ ఆలోచనే రాలేదు. అక్క భయపడటం నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు మా పెరట్లోకి పాము వస్తే నన్ను అరుగు మీదికి నెట్టి, కట్టె తీసుకుని వెళ్ళింది ఆమే.

మా ఆఫీసులో నా పక్క సీటులో పనిచేసే ఆయనది కర్నూలు. ఆయనకూ ఆయన భార్యకూ ఈ బండ్ల పిచ్చి. ఇద్దరికీ చెరొక బండి. ఆయనది బాగా పాతదైన డీజిల్ జీపు, ఆమెది పెట్రోల్‌ది. ఆదివారాలు దొడ్డబళ్ళాపురం దాటాక ఒక స్నేహితుడి బీడు భూమిలో రాళ్ళ మీదా బురదలోనూ తోలుకుని వస్తుంటారు. నేను సంగతంతా చెబితే ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "ఈ ఆదివారం అక్కను తీసుకురండి. కొనేది, కొననిది తరువాత. ఊరికే గాలి మార్పుకని చెప్పండి," అన్నాడు.

అలాగే చెప్పాను. అక్క వెంటనే ఒప్పుకుంది. నెలల తరబడి నాలుగు గోడల మధ్య ఉండి విసుగెత్తిపోయింది పాపం.

దొడ్డబళ్ళాపురం ఊళ్ళో మగ్గాల చప్పుడు వింటూ దాటి, ఎడమకు తిరిగి మట్టిదారి పట్టాం. మేం చేరేసరికి దంపతులిద్దరూ చెట్టు నీడన చాప పరిచి, పులావు గిన్నె దించుకుని ఎదురుచూస్తున్నారు. అక్కకు ఆయన భార్యతో ఇట్టే మాట కలిసింది. కర్నూల్లో వాళ్ళ నాన్నకు పది గేదెలుండేవట. ఇక చెప్పేదేముంది! పొదుగువాపు గురించి, గాలికుంటు గురించి మాట్లాడుకుంటూనే ఇద్దరూ ఆమె బండి దగ్గరికి నడిచారు. అక్క మాటల్లో పడి, తెలియకుండానే ఎక్కి కూర్చుంది. నేను వెనక సీట్లో ఎక్కాను.

మొదటి మిట్ట చిన్నదే. అక్క పైనున్న కడ్డీ పట్టుకుని కూర్చుంది, బాగానే ఉంది. రెండోది కాస్త నిటారుగా ఉంది. బండి ముక్కు పైకి లేచింది. వెనక, నా కాళ్ళ పక్కన, అదనంగా పెట్టుకున్న పెట్రోలు క్యాను ఒకటుంది. మూత సరిగ్గా బిగించలేదేమో, బండి ఒరిగేసరికి కాస్త తొణికి వాసన వచ్చింది. నేను క్యాను సర్దుదామని వంగాను.

"ఆపమ్మా," అంది అక్క.

ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. కర్నూలు ఆమె వెంటనే బ్రేకు వేసింది. బండి ఏటవాలులో నిలవగానే అక్క తలుపు తీసి, కుంటుకుంటూ దిగి, దూరంగా వెళ్ళి ఒక బండరాయి మీద కూర్చుంది. మొహమంతా చెమట. చేతులు చెంగుతో పదే పదే తుడుచుకుంటోంది. కర్నూలు ఆయన కిందినుంచి పరిగెత్తుకొచ్చి నీళ్ళసీసా ఇచ్చాడు. తాగింది. మేం ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. ఏమైందని నేను అడగబోతే, కర్నూలు ఆమె చూపుతోనే వారించి అక్క పక్కన నేల మీద కూర్చుంది.

చాలాసేపటికి అక్కే చెప్పింది. నాతో కాదు, ఆమెతో.

"ఆ పొద్దు వంకలో పడినప్పుడు స్కూటరు నా మింద పడిండాది. కాలు దాని కింద ఇరుక్కునింది. ఇంజను ఆగలేదు. చక్రం తిరగతానే ఉండాది. తాళం తిప్పుదామంటే చెయ్యి అందలా. పెట్రోలు కారతా వచ్చింది. చీర మింద, చేతుల మింద, జుట్టులోకి. సైలెన్సరు ఇదో ఇక్కడ, మోకాలి దగ్గర, కాలిపోతా ఉండాది. ఒక్క నిప్పురవ్వ చాలు కదమ్మా? కాలు విరిగిన నొప్పి నాకు తెలీనే లేదు. ఆ వాసనొకటే. అరుద్దామంటే గొంతు రాలా. ఎంతసేపో తెలీదు. పాల వ్యాను వాళ్ళు చూసి దిగొచ్చినంతవరకూ అట్లే ఉన్యాను."

దూరంగా ఎవరో గొర్రెలను అదిలిస్తున్న కేక వినిపించింది.

"ఆస్పత్రిలో ఎన్నిసార్లు తలకు పోసుకున్నా ఆ వాసన పోలా," అంది అక్క. "వీనికి చెప్తే దిగులు పడతాడని చెప్పలా. డీజిల్ అయితే అంత సులభంగా అంటుకోదు కదా. అందుకని డీజిలే కావాలన్యాను. దొరికినాక, తోలగలనా అని ఇంకో భయం పట్టుకునింది."

నా నోటి దాకా ఎన్నో మాటలొచ్చాయి. కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక ఎక్కడో భద్రంగా ఉంటుందని, స్కూటరుతో దానికి పోలికే లేదని, బండి బోల్తా పడితే పంపు దానంతటదే ఆగిపోతుందని. అవన్నీ నిజాలే. కర్నూలు ఆమె మాత్రం అలాంటివేమీ మాట్లాడలేదు.

"మరి డీజిల్ వాసన పర్వాలేదా అక్కా?" అని అడిగింది.

అక్క తల పైకెత్తింది. "డీజిలా? అది మా నాయన పంపుసెట్టు వాసనమ్మా. చిన్నప్పుడు మడికాడికి సద్ది ఎత్తుకోని పోతే అదే వాసన వస్తాండె. ఇప్పటికీ ఆ వాసన తగిల్తే నాకు ఆకలేస్తాది."

"అయితే డీజిలే చూద్దాం. ఇంకో మాట లేదు," అందామె, తన బండి పెట్రోల్‌దే అయినా. తరువాత భర్త వైపు తిరిగి తాళం అడిగింది. "రండి అక్కా, మా ఆయన ముసలి జీపులో కూర్చుందాం. నడపొద్దు. ఊరికే కూర్చుందాం."

ఆ పూట నిజంగానే ఊరికే కూర్చున్నారు. ఇంజను నడుస్తుంటే అందులోనే కూర్చుని పులావు తిన్నారు. ఆ పాత ఇంజను రోట్లో పిండి రుబ్బుతున్నట్టు మోగుతూనే ఉంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కారులో అక్క నిద్రపోయింది.

ఆ తరువాత వరుసగా ఆదివారాలు అక్కడికే వెళ్ళాం. రెండో వారం అక్క చదును నేల మీద నడిపింది. ఆపైన చిన్న మిట్ట ఎక్కించింది. మిట్ట సగంలో ఇంజను ఆగిపోతుందేమోనని కంగారుపడి యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే, పక్కనున్న కర్నూలు ఆమె, "కాళ్ళు రెండూ తీసేయండి అక్కా. లో గేరులో ఉంది. దాన్ని దాని మానాన వదిలేయండి," అంది. అక్క అపనమ్మకంగా కాళ్ళు వెనక్కి తీసుకుంది. బండి ఆగలేదు, పరిగెత్తలేదు. బరువు మోసే ఎద్దు నడిచినట్టు ఒక్కో రాయి మీద చక్రం మోపుకుంటూ పైకి చేరింది. క్లచ్ తొక్కాల్సిన పని లేక కడ్డీ వేసిన కాలికి శ్రమ కూడా తప్పింది. మిట్ట మీద అక్క స్టీరింగు వదిలి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందేమోనని పరిగెత్తాను. నవ్వుతోంది.

డీజిల్ గొప్పా, పెట్రోల్ గొప్పా అని ఇంటర్నెట్‌లో తిట్టుకునే పెద్దమనుషులు నాకప్పుడు గుర్తొచ్చారు. వాళ్ళలోనూ ఎవరికి ఏ పంపుసెట్టు ఉందో, ఏ వంక ఉందో మనకేం తెలుసు!

మళ్ళీ జిగణి దారిలోని షోరూముకు వెళ్ళాం. ఈసారి అక్క సీటు ఎత్తు గురించి ఏమీ అనలేదు. ఎక్కడానికి వీలుగా కింద ఒక మెట్టు బిగించమని మాత్రం అడిగింది. బండి బుక్ చేశాం. కానీ డీజిల్ కావాలంటే చాలా నెలలు ఆగాలన్నారు. మధ్యలో ఒకసారి వాళ్ళే ఫోను చేసి, పెట్రోల్‌ది సిద్ధంగా ఉంది, రేపే ఇచ్చేస్తామన్నారు. నేను అక్కను అడగకుండానే వద్దని చెప్పేశాను. పక్కనుంచి మా ఆవిడ తలాడించింది.

కర్నూలు ఆయన ముందే ఒక హెచ్చరిక చేశాడు. కొత్త డీజిల్ బండ్లలో పొగను వడగట్టే ఫిల్టరొకటి ఉంటుందట. పల్లెకూ పల్లెకూ మధ్య కొంచెం కొంచెం దూరాలే తిరుగుతూ ఉంటే అందులో మసి పేరుకుపోతుంది. అప్పుడప్పుడూ పెద్ద రోడ్డు మీద ఆగకుండా వేగంగా తోలితే ఆ వేడికి మసి కాలిపోయి శుభ్రపడుతుంది. "మీ పని అంతా దగ్గర తిరుగుళ్ళే కదక్కా. నిజం చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో పెట్రోలే మీకు మేలు. మీకు తెలిసి ఉండాలని చెప్తున్నాను," అన్నాడు.

"వారానికొకసారి హైవే మింద తోలితే సాలునా?"

"చాలు."

"అయితే వారం వారం వీళ్ళింటికి వస్తా," అంది అక్క, నా వైపు చూపిస్తూ.

మేం నవ్వాం. తమాషాకు అందనుకున్నాం. పాతికేళ్ళుగా నేను బెంగళూరులో ఉన్నాను. కాలు విరిగి రావడం తప్ప, అక్క మా ఇంట్లో వరుసగా రెండు రాత్రులున్నది లేదు. ఎప్పుడు పిలిచినా ఏదో ఒక ఆవు అడ్డం పడేది. కానీ బండి వచ్చి, ఆమె ఊరికి తిరిగి వెళ్ళిన మొదటి శనివారమే కింది నుంచి వాచ్‌మన్ ఫోను చేశాడు, ఎవరో మేడమ్ పెద్ద జీపేసుకుని వచ్చారని. అక్క ఒక సంచీ నిండా చిక్కుడుకాయలూ, సీసా నిండా నెయ్యీ పట్టుకుని పైకొచ్చింది. "ఫిల్టరు కడుక్కుందామని వచ్చినా," అంది. అప్పటి నుంచి దాదాపు ప్రతి వారమూ వస్తోంది. ఆమె వచ్చే రోజు మా ఆవిడ రాగి సంకటి చేస్తుంది. ఇంజనులో మసి సంగతేమో గాని, మా ఇంట్లో మాత్రం వారమంతా పేరుకున్నదేదో ఆ ఒక్క పూటలో వదిలిపోతుంది.

తను పడిన ఆ గుట్ట మీది తాండాకు మాత్రం అక్క వెళ్ళేది కాదు. మిగతా పల్లెలన్నీ తిరిగేది. ఆ గుట్ట మీదివాళ్ళే పశువులను కిందికి తోలుకొచ్చి చూపించుకునేవారు. ఆ సంగతి ఊళ్ళోవాళ్ళ మాటల్లో మాకు తెలిసింది. ఆమె చెప్పలేదు, మేం అడగనూ లేదు.

మొన్న కార్తీకంలో నేనూ మా ఆవిడా సెలవు పెట్టి ఆమె ఊరు వెళ్ళాం. రెండో రోజు ఉదయం దోసెలు తింటుండగా ఫోను వచ్చింది. తాండాలో ఒకామె ఆవు తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతోంది, దూడ అడ్డం తిరిగినట్టుంది, ఆవు లేవలేకపోతోంది. కిందికి తోలుకురావడమనే మాటే లేదు.

అక్క వింటూ తినడం ఆపేసింది. "నీళ్ళు కాచి పెట్టండి," అని ఫోను పెట్టేసి చెయ్యి కడుక్కుంది. మందుల పెట్టె తెచ్చి వెనక సీట్లో పెట్టింది. ఎవరినీ రమ్మనలేదు. నేనే వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను. ఆమె నన్ను చూసి, తల ఊపి, బండి తీసింది.

గుట్ట మొదట్లో బండి ఆపి లో గేరు వేసింది. దారి అంతకుముందు రాత్రి వానకు తడిసి ఉంది. నేను ఎదుటి కడ్డీని పట్టుకున్నాను. ఒక మలుపు దగ్గర కుడివైపు నేల తెగిపోయి, కింద రాళ్ళూ, సన్నగా పారే నీళ్ళూ కనిపించాయి. అక్క అటు చూడలేదు. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందేమో అనుకుని చెవి ఒగ్గాను. "కాళ్ళు తీసేయ్, కాళ్ళు తీసేయ్," అని తనకు తనే చెప్పుకుంటోంది. వెనక చక్రం ఒకసారి బురదలో జర్రున తిరిగింది. అక్క స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఆడించింది. ముందు చక్రాలు పట్టు దొరకబుచ్చుకుని బండిని లాక్కుపోయాయి. మలుపు దాటాం. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

తాండాలో జనమంతా ఆవు చుట్టూ మూగి ఉన్నారు. అక్క వాళ్ళను అవతలికి పొమ్మని, చెయ్యి భుజం దాకా కడుక్కుని, నేల మీద కూర్చుంది. కడ్డీ ఉన్న కాలు ముడవడానికి రాదు. పక్కకు చాచి, ఆ ఇంటామె భుజానికి ఆనుకుని పనిచేసింది. చాలాసేపు పట్టింది. దూడ చనిపోయే పుట్టింది. దూడ కాళ్ళకు కట్టిన తాడు పట్టుకుని లాగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అది బయటికి వచ్చాక ఆ ఇంటామె కళ్ళు తుడుచుకుంది. అక్క మాత్రం ఇంకా ఆవు వైపే చూస్తోంది. సూది వేసింది, సెలైన్ పెట్టింది, పక్కటెముకలు నిమురుతూ, "లెయ్యమ్మా, లెయ్యి. నువ్వుండావు కదా. లెయ్యి," అని బుజ్జగిస్తూ కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆవు ముందు కాళ్ళు మడిచి, వెనక భాగం లేపి, తూలుతూ నిలబడింది. జనమంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. అక్క నా చెయ్యి పట్టుకుని లేచింది. ఆమె చెయ్యి వెచ్చగా, నిబ్బరంగా ఉంది.

ఆ ఇంటామె మాకు మజ్జిగ ఇచ్చింది. తాగి బయల్దేరబోతుంటే, ఎటూ కిందికే కదా అని ఒక ముసలామె కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలంటూ వచ్చి వెనక ఎక్కింది. ఆమెకు తోడుగా కోడలు ఎక్కింది. ఇంకొకాయన రెండు టమాటా బుట్టలు తెచ్చి సంతకు చేర్చమన్నాడు. ఆ బుట్టల మధ్య చోటు చూసి, కాలికి పుండైన మేకపిల్లను ఎవరో నా ఒళ్ళో పెట్టారు. అది నా చొక్కా గుండీ నమలడం మొదలుపెట్టింది.

"మెల్లగా పో తల్లీ," అంది వెనక నుంచి ముసలామె.

"మెల్లగానే పోతాదవ్వా," అని అక్క అద్దంలో వాళ్ళందరినీ ఒకసారి చూసుకుని, బండిని దిగుడుదారి వైపు తిప్పింది.